కంప్యూటరు అడగని ప్రశ్న

మా మందిరము డాబా మీద అయిదు వేల లీటర్ల నీళ్ళ ట్యాంకు పెట్టించవలెనని గత వేసవిలో సంఘ పెద్దలతో కలిసి తీర్మానించుకొన్నాము. నిండితే నీటి బరువే అయిదు టన్నులు. దాని క్రిందనే ఆదివారము పిల్లలు సండేస్కూలుకు కూర్చుంటారు. అందుచేత సివిల్ ఇంజనీరింగు చదువుచున్న ఒక పెద్దగారి అబ్బాయిని లెక్క చూడమని అడిగాము.

అతడు ల్యాప్‌టాప్ తెరిచి, మేము చెప్పిన కొలతలతో మందిరమును తెర మీద నిలబెట్టాడు. ట్యాంకు బరువు పెట్టగానే దూలములు రంగులు మారాయి. ఒత్తిడి తక్కువైన చోట నీలము, హద్దు దాటిన చోట ఎరుపు అన్నాడు. ఎరుపు ఎక్కడా కనబడలేదు.

"ఇంకేమి, కంప్యూటరే చెప్పింది గదా!" అని పెద్దలు సంతోషించారు. మేమును సంతోషించాము. అబ్బాయి మాత్రము, "అయ్యగారూ, దూలములో ఎన్ని కడ్డీలున్నాయో మీరు చెప్పినదే నేను వ్రాశాను. అది నిజమేనా అని కంప్యూటరు అడగదు" అని ఒక సంగతి చెప్పాడు.

నార్వే దేశములో సముద్ర గర్భము నుండి గ్యాసు తీయుటకు స్లైప్నర్ ఏ అను గొప్ప కట్టడమును తలపెట్టారు. దాని కాంక్రీటు పునాదిలో 24 పెద్ద గదులు. వాటి బలమును నాస్ట్రాన్ అను ప్రోగ్రాముతో లెక్కించారు. అది 1960ల దశకములో నాసా కొరకు పుట్టిన ప్రోగ్రాము. ఇటువంటివి కట్టడమును వేల చిన్న ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్క మీద పడే బలమును లెక్కించి, తిరిగి అన్నిటిని కలుపుతాయి. ఇది చేపల వల వంటిదే. కన్నులు పెద్దవైతే చిన్న చేప జారిపోతుంది. గోడలు కలిసే చోట వారు పెద్ద ముక్కలు వాడారు. అందువలన అక్కడ గోడను కోసివేసే బలము 47 శాతము తక్కువగా లెక్క వచ్చింది. ఇనుము చాలలేదు.

1991 ఆగస్టు 23న స్టావాంగర్ దగ్గర సముద్రపు పాయలో దానిని నీటిలోనికి దించుచుండగా గోడ పగిలి, పునాది అంతయు మునిగి నుగ్గయిపోయింది. భూకంపమును కొలిచే యంత్రములలో 3 తీవ్రత నమోదైనది. నష్టము సుమారు 70 కోట్ల డాలర్లు. ప్రాణహాని మాత్రము కలుగలేదు. తరువాత మరింత జాగ్రత్తగా లెక్క వేయగా, 62 మీటర్ల లోతులో గోడ పగులునని తేలింది. నిజముగా పగిలినది 65 మీటర్ల దగ్గర. యంత్రము తప్పు కాదు. సరిగా అడిగినప్పుడు అది సరిగానే చెప్పింది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పద్నాలుగు సంవత్సరముల క్రిందట మందిరము కట్టునప్పుడు డబ్బు చాలక, నడి దూలములో రెండు కడ్డీలు తగ్గించుటకు మేమే ఒప్పుకొన్నాము. ఆ మాట మేస్త్రికిని మాకును తప్ప ఎవరికిని తెలియదు. అబ్బాయి అడిగినప్పుడు కాగితము మీది లెక్కే చెప్పాము. ఇప్పుడెందుకులే అనుకొన్నాము.

మరునాడు మేస్త్రిని పిలిపించి, పెద్దల యెదుట ఉన్నది ఉన్నట్టు చెప్పాము. కొంతసేపు ఎవరును మాటలాడలేదు. చివరకు ఒక పెద్దగారు, "ఇన్నేళ్ళు మా పిల్లలు దాని క్రిందనే కూర్చున్నారు గదా, అయ్యగారూ" అన్నారు. మేము తల వంచుకొన్నాము. అబ్బాయి రెండు కడ్డీలు తగ్గించి లెక్క మరల నడిపించాడు. నడి దూలము ఎర్రబడింది.

ఇప్పుడు ట్యాంకు బావి ప్రక్కన తన స్తంభముల మీద తాను నిలిచియున్నది. నడి దూలము క్రింద రెండు స్తంభములు లేపించాము. పిల్లలు వాటి చుట్టూ దాగుడుమూతలు ఆడుకొంటున్నారు.

మీ ఊరిలోనూ చదువుకొన్న పిల్లలు ఇటువంటి బొమ్మ చూపిస్తే తప్పక చూడండి, అది మేలైన పనిముట్టు. అయితే రంగులు చూచి సంతోషించక ముందు, దానికి మీరేమి చెప్పారో ఒకసారి తలచుకొనండి. కట్టిన మేస్త్రి బ్రతికియుంటే, ఆయనను కూడ అడగండి.