కొలోన్‌లో ఆటల సంత

మన పల్లెల్లో వారానికొకసారి సంత జరుగుతుంది. కూరగాయల సంతలూ, పశువుల సంతలూ మీరు చూసే ఉంటారు. కాని ఆటల సంత ఎప్పుడైనా చూశారా? నేను చూశాను. అది జర్మనీ దేశంలో, రైన్ నది ఒడ్డున ఉన్న కొలోన్ నగరంలో జరుగుతుంది. దాని పేరు గేమ్స్‌కామ్. ఆ నగరంలో అది 2009లో మొదలయింది. వీడియో గేములు తయారుచేసేవాళ్ళూ, అమ్మేవాళ్ళూ, ఆడేవాళ్ళూ అందరూ అక్కడ చేరతారు. 2024 ఆగస్టులో అయిదు రోజులపాటు జరిగిన సంతకు సుమారు 3 లక్షల 35 వేల మంది వచ్చారు. ఆ జనంలో నేనూ, మావాడూ ఉన్నాం.

ఉద్యోగం మూలంగా మేము జర్మనీలోనే ఉంటున్నాం. మావాడికి అప్పటికి పదకొండేళ్ళు నిండి పది నెలలయింది. సంతకు తీసుకుపొమ్మని వేసవి అంతా నా వెంటపడ్డాడు. నిజం చెప్పాలంటే వాడికన్న నాకే ఎక్కువ సరదాగా ఉంది. కాని ఆ మాట వాడితో అనలేదు. ఎందుకో తరవాత చెబుతాను.

పొద్దున్నే రైలు దిగాం. సంత జరిగే చోటనే స్టేషను ఉంది. నది అవతలి ఒడ్డున కొలోన్ చర్చి జంట శిఖరాలు కనిపించాయి. 1248లో మొదలుపెట్టిన ఆ కట్టడం 1880కి గాని పూర్తి కాలేదు. ఎత్తు 157 మీటర్లు. మావాడు దానికేసి ఒక్కసారి చూసి, "పద నాన్నా, లైను పెరిగిపోతుంది!" అన్నాడు.

లోపల ఒక్కొక్క హాలూ మన ఊరి రైలు స్టేషనంత ఉంది. ఎటు చూసినా మేడంత తెరలూ, రంగురంగుల దీపాలూ, చెవులు గింగురుమనే మోత. మన పగటివేషగాళ్ళ లాగా కొందరు ఆటల్లోని పాత్రల వేషాలు వేసుకుని తిరుగుతున్నారు. ఒకడి కవచం అంతా అట్టముక్కలే. "ఎన్నాళ్ళు పట్టింది?" అని అడిగితే, "నాలుగు నెలలు" అని గర్వంగా చెప్పాడు.

అక్కడ ఒక నియమం ఉంది. జర్మనీలో ప్రతి వీడియో గేముకూ వయసు నిర్ణయిస్తారు. సంతలో ఆ వయసును బట్టి చేతికి పట్టీ కడతారు. పన్నెండేళ్ళు నిండినవాళ్ళకు ఆకుపచ్చ పట్టీ, పదహారు నిండితే నీలం, పద్ధెనిమిది నిండితే ఎరుపు. పెద్దల ఆటలు లోపలికి కనిపించకుండా గోడలు కట్టి ఉంచుతారు.

మావాడు ఆడాలనుకున్న ఆట ఆకుపచ్చ పట్టీ ఆట. వాడికింకా రెండు నెలలు తక్కువ. పట్టీలు కట్టే బల్ల దగ్గర వాడు నా చెయ్యి లాగి, "నాన్నా, నాకు పన్నెండు నిండాయని చెప్పు. పాస్‌పోర్టు ఇంట్లో మరిచిపోయామను. నువ్వు చెబితే నమ్ముతారు," అన్నాడు మెల్లిగా.

పాస్‌పోర్టు నా సంచీలోనే ఉంది. రెండు నెలలే కదా, ఎవరికి నష్టం అని నాకూ ఒక్క క్షణం అనిపించింది. కాని నోరు రాలేదు. "వద్దురా," అని వాణ్ణి పక్కకు తీసుకుపోయాను. వాడు ముఖం ముడుచుకున్నాడు. గోడవారగా ఇద్దరం నేలమీద చతికిలబడ్డాం. అప్పుడు వాడికి ఎన్నడూ చెప్పని సంగతి చెప్పాను.

నేను పదో తరగతి చదివేటప్పుడు మా ఊళ్ళో బస్‌స్టాండు పక్కన వీడియో గేముల గది ఒకటి ఉండేది. రూపాయి వేస్తే ఒక ఆట. ఒకనాడు మా నాన్నగారు పరీక్ష ఫీజు కట్టమని డబ్బిచ్చి పంపారు. ఒక్క ఆట ఆడి పోదామనుకుని ఆ గదిలో దూరాను. సాయంత్రానికి ఫీజు డబ్బు సగానికి సగం అయిపోయింది. తల ఎత్తి చూసేసరికి గుమ్మంలో మా నాన్నగారు నిలబడి ఉన్నారు. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మర్నాడు పక్కింటివారి దగ్గర అప్పు చేసి ఫీజు కట్టారు. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు నేను ఆటల జోలికి పోలేదు. ఇష్టం మాత్రం పోలేదు. కాని ఆ ఇష్టం ఎవరికీ చెప్పుకోలేని దొంగసొత్తు లాగా నాలోనే ఉండిపోయింది.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "నాన్నా, ఆ ఆట ఆడి వచ్చానని చెబుతానని క్లాసులో అందరితోనూ పందెం వేశాను," అన్నాడు.

"అయితే ఆడలేదని చెప్పు. పందెం పోతే పోతుంది," అన్నాను.

తరవాత మేము 10వ నంబరు హాలుకు వెళ్ళాం. అక్కడ పాతకాలపు యంత్రాలున్నాయి. ఒక బల్లమీద పాత టీవీ, దానిలో బంతి ఆట. రెండు తెల్లని గీతలే బ్యాట్లు, ఒక తెల్లని చుక్కే బంతి. మావాడు నవ్వి, "ఇదేం ఆట?" అన్నాడు. కాని పావుగంటసేపు దాన్ని వదలలేదు. నేను నాలుగుసార్లు ఓడిపోయాను.

ఈ చుక్క వెనక ఎంత తెలివి ఉందో చూడండి! పాత టీవీలో ఒక ఎలక్ట్రాన్ కిరణం తెరమీద ఎడమనుంచి కుడికి, ఒకదాని కింద ఒకటిగా గీతలు గీస్తూ పోతుంది. గీత మొదలయిన తరవాత కొంచెంసేపు ఆగి కిరణాన్ని వెలిగిస్తే అక్కడ ఒక చుక్క పడుతుంది. ఇంకొంచెం ఆగి వెలిగిస్తే చుక్క కుడిపక్కకు జరుగుతుంది. చేతిలోని మర తిప్పితే ఆగే కాలం మారుతుంది, అంతే! బంతి చుక్కా, ఆటగాడి చుక్కా ఒకే క్షణంలో వెలిగితే రెండూ తగిలాయన్నమాట. మొట్టమొదటి ఇంటి వీడియో గేము ఇలాగే పనిచేసింది. అందులో కంప్యూటరు లేనేలేదు!

దాన్ని కనిపెట్టినవాడి పేరు రాల్ఫ్ బేర్. ఆయన 1922లో జర్మనీలోనే పుట్టాడు. యూదుడన్న కారణంగా పద్నాలుగేళ్ళప్పుడు ఆయనను బడిలోంచి వెళ్ళగొట్టారు. 1938లో ఆ కుటుంబం ప్రాణాలు దక్కించుకుని అమెరికా చేరింది. అక్కడ ఆయన ఫ్యాక్టరీలో పనిచేస్తూ, ఉత్తరాల ద్వారా పాఠాలు తెప్పించుకుని రేడియో పని నేర్చుకున్నాడు. 1966లో, ఇంట్లో టీవీతో ఆటలాడితే ఎలా ఉంటుందన్న ఆలోచన నాలుగు కాగితాల మీద రాసుకున్నాడు. 1972లో అది 'ఒడిస్సీ' అనే పేరుతో అంగళ్ళలోకి వచ్చింది. దానికి చప్పుడు లేదు, లెక్క చూపదు. ఎవరు ఎన్నిసార్లు గెలిచారో ఆడేవాళ్ళే నిజాయితీగా లెక్కపెట్టుకోవాలి.

ఈ చివరి మాట చెప్పినప్పుడు మావాడు నాకేసి ఓరగా చూశాడు.

అదే హాలులో చిన్న చిన్న బల్లల దగ్గర ఇద్దరు ముగ్గురు కలిసి చేసిన ఆటలున్నాయి. ఒక అమ్మాయి తను చేసిన పడవ ఆట చూపిస్తున్నది. దానికి ఏ పట్టీ అక్కరలేదు. మావాడు ఆడుతూ ఆడుతూ పడవను రెండు రాళ్ళ మధ్యకు పోనిచ్చాడు. అది ఇరుక్కుని ఎటూ కదల్లేదు. "పాడు చేశాను!" అని వాడు భయపడ్డాడు.

ఆ అమ్మాయి మాత్రం సంతోషంగా, "ఎలా చేశావు? మళ్ళీ చేసి చూపించు," అన్నది. వాడు చూపించాడు. ఆమె నోటుపుస్తకం తీసి రాసుకుని, "పొద్దుటినుంచి ఇది మూడో తప్పు. మూడేళ్ళుగా చేస్తున్నాం, ఇది మాకు కనపడలేదు. చాలా ఉపకారం చేశావు," అన్నది.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో మావాడు ఆకుపచ్చ పట్టీ మాట ఎత్తలేదు. ఆ రెండు రాళ్ళ సంగతే చెప్పాడు. "నాన్నా, ఆటలు మనుషులే చేస్తారు కదూ!" అన్నాడు, అదేదో కొత్త సంగతైనట్టు.

ఆ ఆదివారం వాడు ఫోనులో తాతయ్యకు అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. ఫీజు డబ్బు సంగతి నాన్న చెప్పాడని కూడా చెప్పేశాడు. నేను సిగ్గుతో తలవంచుకున్నాను. మా నాన్నగారు కాసేపు నవ్వి, "ఒరే, మీ నాన్నకు తెలియనిది ఒకటుంది. ఆనాడు నేను వెంటనే పిలవలేదురా. గుమ్మంలో పది నిమిషాలు నిలబడి వాడి ఆట చూశాను. భలే ఆడాడు," అన్నారు.

ముప్ఫయి ఏళ్ళు ఆయన ఆ మాట నాతో అనలేదు. నేనూ అడగలేదు. వచ్చే వేసవికి మేము ఇంటికి వెళ్ళినప్పుడు, మావాడు తాతయ్యకు బంతి ఆట నేర్పుతానంటున్నాడు. లెక్క మాత్రం తాతయ్యే పెట్టాలట.