షాస్తా డ్యామ్‌కి ఇంకో 18.5 అడుగులు

కాలిఫోర్నియాలో షాస్తా డ్యామ్ ఎత్తు పెంచాలన్న మాట మళ్లీ మళ్లీ లేస్తూనే ఉంది. 602 అడుగుల డ్యామ్‌కి 18.5 అడుగులు ఎంతలే అనిపిస్తుంది. కానీ కొండల మధ్య నీటిమట్టం అంత పెరిగితే వాగులూ లోయలూ పట్టుకుని నీళ్లు ఎగువకి ఎగదన్నుతాయి. అదనంగా నిలిచేది మన లెక్కలో 27 టీఎంసీల పైమాటే.

మెక్‌క్లౌడ్ నది ఒడ్డు విన్నెమెమ్ వింటు తెగవాళ్లది. 1945లో పూర్తయిన ఈ డ్యామే వాళ్ల ఊళ్లనీ, శ్మశానాలనీ ముంచేసింది. మిగిలిన కాస్త ఒడ్డున ఒక బండ ఉంది. పెద్దమనిషైన పిల్ల ఆ బండ మీద మూలికలు నూరి, వేడుక చివర్లో నది ఈదుకుంటూ అవతలి గట్టుకి చేరుతుంది. ఎత్తు పెంచితే ఆ బండ నీళ్లలోనే ఉండిపోతుంది. శ్రీశైలం, పోలవరం ముంపు చూసిన మనకి ఆ బాధ వేరే చెప్పాలా?

ఈ చుట్టుపక్కల తప్ప ఇంకెక్కడా కనిపించని షాస్తా సాలమాండర్ అనే ఉభయచరం ఉండే చోటూ కొంత పోతుంది.

చల్లటి నీళ్లు ఎక్కువ నిల్వ ఉంటే దిగువన సాల్మన్ గుడ్లు బతుకుతాయని సమర్థించేవాళ్లు అంటారు. వేసవిలో ఆ చల్లదనం అవసరమే, కాదనను. కానీ ఆ చేపలు గుడ్లు పెట్టుకునే ఎగువ నదులకి దారి మూసింది ఈ డ్యామే కదా! 2022లో ఆ తెగవాళ్లూ ప్రభుత్వ శాఖలూ కలిసి మెక్‌క్లౌడ్ ఒడ్డునే సాల్మన్ గుడ్లు పొదిగించి, పిల్లల్ని నదిలో వదిలారు. ఉన్న డబ్బు ముందు ఆ పనికి పెట్టాలంటాను నేను.