బంతి వెనకాల బస్సెక్కినవాళ్ళు

తిరుపతిలో కాపురముండేవాళ్ళకి దూరాభారం వచ్చేవాళ్ళ గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. నేను పుట్టింది చిత్తూరులో, మెట్టింది ఇక్కడ. ఇరవై మూడేళ్ళుగా చూస్తున్నా. పిల్లల్ని చంకనేసుకుని, పెరుగన్నం పొట్లాలు పట్టుకుని, రెండు రాత్రులు నిద్రలేకుండా రైలు దిగినవాళ్ళ ముఖాల్లో అలసట ఉంటుంది, ఆకలి ఉంటుంది. కానీ "ఎందుకొచ్చామా" అనే ప్రశ్న మాత్రం ఉండదు.

అలాంటి ముఖాన్ని మా ఇంట్లోనే చూస్తానని నేను అనుకోలేదు. అదీ ఫుట్‌బాల్ వల్ల!

ఆయనకి క్రికెట్ పిచ్చి. మా మామగారిది కూడా అదే. మా పెద్దోడికి మాత్రం ఇంటర్ రెండో సంవత్సరంలో ఫుట్‌బాల్ పట్టుకుంది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీకి, కేరళ బ్లాస్టర్స్‌కి. స్టేడియమంతా కేరళవాళ్ళ పసుపు చొక్కాలే. మనవాళ్ళు వెనకబడి, ఆట ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా గోల్ కొట్టి సమానం చేశారు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపేశాడు. కప్పు హైదరాబాద్‌కి వచ్చింది. ఆ రాత్రి మావాడి కేకలకి పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు.

మర్నాడు వాడే ఇంకో వార్త చూపించాడు. ఆ ఫైనల్ చూడటానికి కేరళ నుంచి బైక్ మీద గోవాకి బయల్దేరిన ఇద్దరు కుర్రాళ్ళు దారిలోనే ప్రమాదంలో పోయారు. ఆట గురించి నాకు ఏమీ తెలియని రోజులవి. ఆ ఇద్దరి తల్లుల గురించి మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఆ రోజే మా ఇంట్లో ఒక నియమం పెట్టాను. ఆట చూడటానికి ఎక్కడికైనా పో, కానీ రైలు, లేకపోతే బస్సు. బైక్ మాటెత్తకూడదు.

వాడు ఆ మాట జవదాటలేదు. చిత్తూరు నుంచి వచ్చే వెంకటాద్రిలో కాచిగూడకి పోయి, అక్కడినుంచి గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఒకసారి చూసొచ్చాడు. కానీ హైదరాబాద్ మనకి రాత్రంతా ప్రయాణం. అందుకని "సొంతింటి" ఆటలకన్నా "పొరుగింటి" ఆటలే వాడికి దగ్గరయ్యాయి. చెన్నై మూడున్నర గంటలు. నెహ్రూ స్టేడియం సెంట్రల్ స్టేషనుకి నడిచిపోయేంత దూరమే. బెంగళూరు కంఠీరవ స్టేడియానికైతే చిత్తూరు, పలమనేరు, ములబాగిలు, కోలారు మీదుగా బస్సు. తెలుగు జట్టుని వాడు ఎక్కువగా చూసింది తమిళుల మధ్యా కన్నడిగుల మధ్యా కూర్చునే.

ఈ ఆటలు చాలావరకు రాత్రి ఏడున్నరకి మొదలవుతాయి. టీవీ ముందు కూర్చునేవాళ్ళకి అది మంచి సమయం. ఊరినుంచి వచ్చినవాడికి మాత్రం ఆట అయ్యేసరికి తొమ్మిదిన్నర. ఆంధ్రా బస్సులు ఇప్పుడు కోయంబేడులో కాదు, మాధవరంలో దొరుకుతాయి. అక్కడికి చేరి బస్సు పట్టుకుంటే ఇంటికొచ్చేది తెల్లవారుజామునే. నేను గేటు చప్పుడు కోసం చెవులు రిక్కించి పడుకునేదాన్ని. సంచిలో నేను పెట్టిన చిత్రాన్నం డబ్బా, నిప్పట్ల డబ్బా రెండూ ఖాళీగా వచ్చేవి. వాడొక్కడే కాదు, చెన్నైలో పరిచయమైన తెలుగు పిల్లలు నలుగురు అందులో వాటాదారులట.

"దేవుడి కోసం పోతారు, పెళ్ళికి పోతారు, చావుకి పోతారు. బంతి కోసం ఎవురన్నా పోతారా నాయనా?" అని మా అత్తమ్మ అడిగేది.

"బంతి టీవీలో కూడా కనిపిస్తుందవ్వా. మనవాళ్ళకి మనం కనిపించాలని పోతాము" అనేవాడు వాడు.

ఆ జవాబు విలువ నాకు 2023-24 సీజన్‌లో అర్థమైంది. కప్పు గెలిచిన జట్టు రెండేళ్ళకే చితికిపోయింది. జీతాలు అందక విదేశీ ఆటగాళ్ళు చాలామంది వెళ్ళిపోతే, ఎక్కువగా కుర్రాళ్ళతోనే నెట్టుకొచ్చారు. 22 ఆటల్లో గెలిచింది ఒక్కటి. అది చెన్నైలో, మార్చిలో, 1-0తో. ఆ ఒక్కటీ మావాడు చూశాడు! లీగ్‌లో అట్టడుగున ఉన్న జట్టు కోసం చెన్నై దాకా పోయినవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి? ఆటయ్యాక ఆటగాళ్ళు వాళ్ళున్న మూలకి నడిచొచ్చి చప్పట్లు కొట్టారట. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తుంటే వాడి గొంతు పలకలేదు. అరిచి అరిచి బొంగురుపోయింది.

ఇక్కడ చదివేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. నేనూ మావాడి దగ్గర పాఠం చెప్పించుకున్నదే. ప్రపంచంలో చాలాచోట్ల ఫుట్‌బాల్ లీగులు మెట్లలాగా ఉంటాయి. కింది మెట్టులో బాగా ఆడిన జట్టు పైకి పోతుంది, పై మెట్టులో ఆఖర్న నిలిచింది కిందికి దిగుతుంది. మన దేశంలో పై మెట్టు సూపర్ లీగ్. ఐ-లీగ్ 2022-23 నుంచి రెండో మెట్టు. అందులో గెలిచిన జట్టుని పైకి తీసుకుంటామన్నారు, తీసుకున్నారు. 2023లో పంజాబ్, 2024లో కోల్‌కతా మొహమ్మడన్ స్పోర్టింగ్ అలా ఎక్కినవే. కానీ పై మెట్టు నుంచి దిగడం అనేది మాత్రం పెట్టలేదు. అలిపిరి మెట్ల పక్కన బతికేవాళ్ళం, మెట్లంటే ఎక్కడానికీ దిగడానికీ కూడా కదా అని నవ్వుకున్నాను.

నవ్వుకునేది కాదని తర్వాత తెలిసింది. 2023-24లో హైదరాబాద్ ఎఫ్‌సీ పై లీగ్‌లో ఆఖరు. అదే సంవత్సరం అదే హైదరాబాద్‌కి చెందిన శ్రీనిధి డెక్కన్ కింది లీగ్‌లో రెండో స్థానం. అంతకు ముందేడాది కూడా రెండే. రెండోవాళ్ళకి పైకి దారి లేదు, ఆఖరివాళ్ళకి కిందికి దారి లేదు. దిగే దారి ఉంటే మన జట్టు కింది మెట్టులో హైదరాబాద్‌లోనే ఆడేదేమో! ఓడిపోయినా ఊళ్ళోనే ఉండేదేమో! మెట్టు దిగలేదు. ఊరే వదిలేసింది.

2025 అక్టోబర్‌లో ఆ జట్టు ఢిల్లీకి మారిపోయింది. పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. యజమానులు అంతకు ముందే మారారు. డబ్బు పెట్టేవాళ్ళకి వాళ్ళ లెక్కలుంటాయి, కాదనను. నష్టాల్లో ఉన్న దుకాణాన్ని నడిపి తీరాలని ఎవర్నీ కట్టేయలేం. పైగా ఈ హైదరాబాద్ జట్టు కూడా 2019లో మూతపడిన పుణె జట్టు స్థానంలో వచ్చిందే. మనకి కొత్త జట్టు వచ్చిందని సంబరపడిన రోజు పుణెలో ఏ తల్లి కొడుకు అన్నం మానేశాడో!

మా ఇంట్లో ఆ రోజు వాడు అన్నం మానలేదు గానీ మాట మానేశాడు. ఆయన ఊరడించబోయి, "పోనీలేరా, ఢిల్లీ జట్టనుకో, ఆటగాళ్ళు ఉంటారు కదా" అన్నారు. నాకు ఆ మాట రుచించలేదు. తిరుపతి నుంచి ఢిల్లీ రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు. అయినా దూరం ఒక్కటే కాదు సంగతి.

మనం ఆడవాళ్ళం ఊరు మారినవాళ్ళమే, ఇంటిపేరు మారినవాళ్ళమే. కానీ మనకి వెనక్కి ఒక దారి ఉంది. చిత్తూరు బస్సు ఎక్కితే రెండు గంటల్లో మా అమ్మ గడపలో ఉంటాను. పండక్కి పిలుపు వస్తుంది, చీర పెడతారు. మా తిరుపతి గంగమ్మ జాతరకి దేవస్థానం వాళ్ళే సారె పంపిస్తారు, ఆమె స్వామికి చెల్లెలని. బంధం అంటే అట్లా ఉండాలి. జట్టు వెళ్ళిపోయినప్పుడు ఈ కుర్రాళ్ళకి వెనక్కి దారి ఏమి మిగిలింది? అలమరలో పసుపు రంగు చొక్కా ఒకటి.

హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ కొత్తా కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుంది. దాన్ని తయారుచేసిన రహీం సాహెబే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టుని సెమీఫైనల్ దాకా తీసుకుపోయాడు, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చాడు. అంత చరిత్ర ఉన్న ఊరినుంచి పై మెట్టు జట్టు వెళ్ళిపోతే పేపర్లో ఎంత వార్త వచ్చిందో వెతికి చూశాను. ఒక మూలన ఉంది.

కింది మెట్టు సంగతి ఇంకో రకం. ఇంగ్లండ్‌లో అయిదో మెట్టు దాకా దేశమంతటికీ ఒకే లీగ్. ఆరో మెట్టుని 2004లో ఉత్తరం, దక్షిణం అని రెండు చేశారు. ఇంకా కిందికి పోయేకొద్దీ ఇంకా చిన్న చిన్న ప్రాంతాలు. రాబడి తక్కువున్న జట్టు దగ్గర ఊళ్ళతోనే ఆడాలి, దాని వెంట వచ్చేవాళ్ళు పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరాలి. ఇల్లు నడిపే ఏ ఆడమనిషికైనా అర్థమయ్యే లెక్క ఇది. మధ్యలో ఉన్న ఊళ్ళ జట్లని ఒక ఏడు ఉత్తరంలో, ఒక ఏడు దక్షిణంలో వేస్తారని అక్కడా గొణుగుడు ఉంది. ఉన్నా, దూరం అనేది లెక్కలో ఒక అంకె. మన కింది మెట్టులో శ్రీనగర్ జట్టు, మిజోరంలోని ఐజ్వాల్ జట్టు, కోళికోడ్ జట్టు, హైదరాబాద్ జట్టు అన్నీ ఒకే లీగ్‌లో. శ్రీనిధి వెంట ఐజ్వాల్ పోవాలంటే ఏ కుర్రాడికి జేబులో డబ్బుంటుంది, ఏ తల్లికి గుండెలో ధైర్యముంటుంది?

పై లీగ్ కూడా ఆ ఏడు చాలా ఆలస్యమై 2026 ఫిబ్రవరిలో మొదలైంది. 14 జట్లు, ఒక్కో జంట ఒక్కసారే తలపడేలా 91 ఆటలు. ఎప్పటిలా వాళ్ళ ఊళ్ళో ఒకటి, మన ఊళ్ళో ఒకటి కాదు. ఆట జరగడమే గొప్ప అనుకున్న ఏడాది అది, తప్పుపట్టను. కానీ ఒక ఊరి అభిమానులు ఇంకో ఊరికి పోవడం, వాళ్ళు వీళ్ళ ఊరికి రావడం అనే ఇచ్చిపుచ్చుకోవడంలో అక్కడే సగం తెగిపోయింది.

మావాడు మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది వింబుల్డన్ కథతో. నాకు వింబుల్డన్ అంటే టెన్నిసే తెలుసు. అక్కడ 1889 నాటి ఫుట్‌బాల్ జట్టు ఉండేదట. 1988లో లివర్‌పూల్‌ని ఓడించి ఎఫ్ఏ కప్పు గెలిచిందట. ఆ జట్టుని 90 కిలోమీటర్ల అవతల మిల్టన్ కీన్స్‌కి తీసుకుపోవడానికి 2002లో అనుమతి ఇచ్చారు. తొంభై అంటే మనకి తిరుపతి నుంచి చిత్తూరు దాటి కాస్త ముందుకి, అంతే! అభిమానులు ఒప్పుకోలేదు. తామే కొత్త జట్టు పెట్టుకున్నారు, బాగా కిందనున్న ప్రాంతీయ లీగ్ నుంచి మొదలుపెట్టారు. 9 సీజన్లలో 5 మెట్లు ఎక్కి 2011లో పెద్ద లీగుల్లోకి వచ్చారు. 2020లో తమ పాత వీధి ప్లవ్ లేన్‌కే తిరిగొచ్చారు. ఇప్పటికీ ఆ జట్టు అభిమానుల చేతిలోనే ఉంది.

"మనకి అంత డబ్బెక్కడిది మా" అన్నాడు వాడే మళ్ళీ. నిజమే. కానీ వాళ్ళకి అంతమంది ఎలా దొరికారో నాకు తెలుసు. అన్నేళ్ళు ఒకే బస్సులో కూర్చుని ఓడిపోయి ఇంటికొచ్చినవాళ్ళు వాళ్ళు. మావాడు 2024 సెప్టెంబర్‌లో బెంగళూరులో 3-0తో ఓడిపోయిన ఆట చూసి రాత్రి బస్సులో వచ్చాడు. ఆ బస్సులో కలిసి వచ్చిన కడప పిల్లోడు ఇప్పటికీ మా ఇంటికొస్తాడు. జట్టు పోయినా ఆ స్నేహం పోలేదు. లీగులు మార్చేవాళ్ళ కాగితాల్లో యజమానులుంటారు, టీవీ వాళ్ళుంటారు, స్టేడియాలుంటాయి. ఆ బస్సులో వాళ్ళు ఉండరు. ఒక జట్టు ఒక ఊరిదని చెప్పడానికి సాక్ష్యం మాత్రం వాళ్ళే.

ఇప్పుడు శ్రీనిధి ఆట ఒకటి చూసొస్తామంటున్నాడు. "కింది మెట్టే మా, కానీ మనోళ్ళు." అడ్డు చెప్పలేదు. రైల్లోనే పొమ్మన్నాను. నిప్పట్లు ఎంతమందికి చేయాలో రెండు రోజులు ముందుగా చెప్పమన్నాను. నలుగురికైతే ఒక వాయి, కడప పిల్లోడు కూడా వస్తే రెండు.