అమ్మ తీసేసిన కాగితం

హాస్పిటల్‌కి బయల్దేరే ముందు అమ్మ ఎప్పుడూ నాన్న ఫైల్ ముందేసుకుని కూర్చుంటుంది. షుగర్ రిపోర్టులు, ఈసీజీలు, అక్షరాలు వెలిసిపోయిన చీటీలు. ఆ రోజు అందులోంచి ఒక కాగితం తీసి బీరువాలో చీరల కింద పెట్టింది. పదిహేనేళ్ళ కిందట నాన్న కొన్నాళ్ళు డిప్రెషన్‌కి మందులు వాడారు. ఆ చీటీ అది.

"మోకాళ్ళ డాక్టరుకి ఇదెందుకురా?" అంది.

డాక్టర్ల దగ్గర దాచకూడదని నేను విసుక్కున్నాను. వినలేదు.

హాస్పిటల్ కౌంటర్లో అమ్మాయి ఆధార్ అడిగింది. నాన్న ఫోన్‌కి ఓటీపీ వచ్చింది. కళ్ళజోడు సవరించుకుని, ఆరంకెలూ వెనక క్యూ అంతటికీ వినబడేలా చదివారు. రెండు నిమిషాల్లో 14 అంకెల ఆభా నంబరు తయారు.

"ఇది దేనికమ్మా?"

"ఏం లేదంకుల్, మీ రిపోర్టులన్నీ ఒకచోట కనబడతాయి."

ఏం లేదట! 2021 సెప్టెంబర్‌లో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ డిజైన్ గురించి నేను కొంత చదివాను. నిజానికి ముచ్చటగా ఉంటుంది. రికార్డులన్నీ తెచ్చి ఒకే గుట్టగా పొయ్యరు, ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రిలోనే ఉంటాయి. ఇంకోచోట డాక్టరు చూడాలంటే పేషెంటుని అడగాలి: ఎందుకు, ఏ రకం రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్నాళ్ళపాటు. పేషెంటు కొన్నే ఇవ్వొచ్చు, అసలే వద్దనొచ్చు, ఇచ్చిన అనుమతిని రద్దు చేసుకోవచ్చు. అంటే అమ్మ బీరువా కూడా అందులో ఉందన్నమాట. కౌంటర్ దగ్గర ఆ సంగతి చెప్పేవాళ్ళే లేరు. ఆభా తప్పనిసరేం కాదన్న ముక్క కూడా ఎవరూ అనలేదు.

ఆ అమ్మాయిని అని లాభం లేదు, వెనక క్యూ పెరుగుతోంది. అయినా నేను చేసే యాప్‌లలో మాత్రం ఏముంది? "అంగీకరిస్తున్నాను" నిండు నీలంలో పెద్ద బటన్. "వద్దు" అనేది బూడిదరంగులో, వెతుక్కుంటే దొరుకుతుంది. అలా పెట్టమంటే పెట్టాను, చాలాసార్లు.

నంబరు వచ్చేదాకా నేనూ పక్కనే నిలబడి చూశాను తప్ప నాన్నకి ఒక్క మాట చెప్పలేదు. అమ్మయినా కాగితం తీసేముందు ఆయన్ని అడిగిందా అంటే, లేదు. చూపించాలా వద్దా అని మేమిద్దరం వాదించుకున్నప్పుడు ఆయన పక్క గదిలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు.

లోపల డాక్టరుగారు ఇంతకుముందు ఇంకేమైనా మందులు వాడారా అని అడిగారు. నేనూ అమ్మా ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

"డిప్రెషన్‌కి వాడానండీ, ఎనిమిది నెలలు" అన్నారు నాన్న, మామూలుగా. మందు పేరు కూడా చెప్పారు.