రేకుల కింద గాలి

తోటలు ఊళ్ళోవాళ్ళవి, కోత మాది. నాయన చిక్కం పట్టి రసాలు కోసినన్నాళ్ళే మాకా మామిడి నీడ. ముసునూరులో మా మాదిగపల్లెలో ఇళ్ళు సిమెంటు రేకులవి. మే నెల మధ్యాహ్నం లోపల కూచుంటే బుర్ర ఉడికిపోద్ది.

ఆ ఇంట్లోనే చెల్లి చదువు కోసం విడిభాగాలు కొని కంప్యూటర్ బిగించాను. రైజెన్ 5 5600జి ప్రాసెసర్. దాంతోపాటు వచ్చిన ఫ్యానే చాలన్నాడు అమ్మినాయన. చాలుద్ది, ఏసీ గదిలో. ఎంత ఖరీదు కూలరైనా, లోపల నీళ్ళు తిప్పేదైనా, గది గాలికంటే చల్లబరచలేదు. ప్రాసెసర్ వేడిని తీసి గదిలోకే వదులుద్ది. 25 డిగ్రీల గదిలో 75 చూపించేది, 42 డిగ్రీల మా ఇంట్లో అదే పనికి 92 దాకా పోద్ది. దాని హద్దు 95. అక్కడికొస్తే తనే వేగం తగ్గించుకుంటుంది. అంత ఎండలో నాయన వేగం తగ్గిస్తే మాత్రం కూలి కోస్తారు.

అందుకే నీళ్ళ కూలర్ జోలికి పోలేదు. నాలుగు రోజుల కోత కూలి పెట్టి, 12 సెంటీమీటర్ల ఫ్యానున్న పొడుగు కూలర్ తెచ్చాను. డబ్బాకి ముందో ఫ్యాను గాలి లాగడానికి, వెనకో ఫ్యాను నెట్టడానికి. గోడకి జానెడు ఎడం. అమ్మ రేకులమీద తాటాకు కప్పింది. నన్నడిగితే సగం పని ఆ తాటాకే చేసింది.

"దానికి మూడు ఫ్యాన్లు, మనకొకటా?" అన్నాడు నాయన. చెల్లి నవ్వలేదు. పరీక్షలు దగ్గరకొచ్చినాయి.