కరెంటును మోసేది ఉప్పే

పొద్దున ఆర్వో మిషను చూడ్డానికొచ్చిన పిల్లోడు మా బోరు నీళ్లలో పెన్నులాంటి మీటరు ముంచి, "టీడీఎస్ 900 దాటిందన్నా" అన్నాడు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క. నిజానికి ఆ పెన్ను ఉప్పును చూడదు. నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పోతోందో కొలిచి, దాన్నే ఉప్పు లెక్కగా మార్చి చూపిస్తుంది.

పూర్తిగా శుద్ధమైన నీళ్లలో కరెంటు దాదాపు పారదు. సెంటీమీటరుకు 0.055 మైక్రోసీమెన్స్, అంతే. అదే సముద్రపు నీళ్లయితే 50,000 దాకా! తేడా అంతా కరిగిన లవణాలదే. రాగితీగలో కరెంటును మోసేవి ఎలక్ట్రాన్లు, నీళ్లలో ఆ కూలిపని సోడియం, క్లోరైడు లాంటి అయాన్లది.

మా చిత్తూరు పల్లెల్లో బోరు మోటరు ఎర్తింగు గుంతలో ఉప్పు, బొగ్గు వేసి, ఎండాకాలం బిందెడు నీళ్లు పోసేది ఇందుకే. ఎండిన నేల కరెంటును సరిగ్గా లాక్కోదు.

2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనాయి గుర్తుందా? మబ్బులోంచి దిగే వాన నీళ్లలో ఉప్పు చాలా తక్కువ. వీధిలో మట్టి, మురుగు కలిశాక వాటిలో కరెంటు ఇంకా తేలిగ్గా పోతుంది.

కాబట్టి నీళ్లలో నిలబడి కరెంటు స్తంభం పట్టుకోవద్దు. మెయిన్ ఆపకుండా తడిచేత్తో మోటరు ముట్టుకోవద్దు.