పూతరేకునకు ఇంగ్లీషు మాట

కోనసీమలోని ఆత్రేయపురము చూడబోయితిమి. అచ్చటి స్త్రీలు బోర్లించిన కుండలో మంట వేసి, పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను కుండపై పఱతురు. రెప్పపాటున కాగితమువంటి రేకు లేచును. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది.

విదేశములకు పంపు పెట్టెపై ఏ ఇంగ్లీషు విశేషణము వ్రాయవలెనని యొక యిల్లాలు మమ్మడిగెను. సోదరీమణులారా, ఈ మాటలను పంటితో నేర్చుకొనుట సులభము. ఒక్క కొఱుకునకే విఱుగు వేగిన అప్పడము క్రిస్ప్. నమలినంతసేపు కరకరలాడు జంతిక క్రంచీ. పొరలు పొరలుగా రాలు పఫ్ ఫ్లేకీ. సాగుచు పంటికంటుకొను నువ్వుల జీడి చ్యూయీ.

మఱి పూతరేకో? ఆరిన రేకు క్రిస్ప్. తడిబట్టతో మెత్తపఱచి, నేయి బెల్లము చేర్చి మడిచిన పిదప నది డెలికేట్, అనగా సుకుమారము. దానినే క్రంచీ యని వ్రాసినచో, కొన్నవారు జంతిక నాశించి నిరాశపడుదురు. మాట సరిగా నున్ననే వారు మరల కొందురు. ఆ యింటి పొయ్యి వెలుగును.